పారబోసినది పోదు

నీరు తేటగా నున్నచో అది నిర్మలమేయని జనులు తలంతురు. కంటికి కనబడు మురికి, ముక్కునకు సోకు దుర్గంధము మాత్రమే మాలిన్యమని అనేకుల నమ్మకము. కెనడా దేశములోని ఒంటారియో రాష్ట్రమున జరిగిన ఉదంతము ఈ నమ్మకమెంత ప్రమాదకరమో తెలుపును.

ఆ రాష్ట్రపు వాయవ్య భాగమున డ్రైడెన్ అను పట్టణము కలదు. అచ్చట కాగితపు గుజ్జును తెల్లపరచుటకు క్లోరిన్ కావలసివచ్చెను. ఉప్పునీటి నుండి దానిని తయారుచేయు కర్మాగారములో పాదరసమును ఉపయోగించిరి. 1962 నుండి 1970 వరకు సుమారు 9 టన్నుల పాదరసము వాబిగూన్ నదిలో కలిసెను. నది దానిని క్లే సరస్సునకును, దిగువనున్న ఇతర జలాశయములకును చేర్చెను.

ఆ దిగువ ప్రాంతమున గ్రాసీ నారోస్, వైట్‌డాగ్ అను చోట్ల ఓజిబ్వే ఆదివాసులు నివసించుచున్నారు. చేప వారికి తరతరముల ఆహారము. చేపల వేటకు వచ్చు యాత్రికులకు దారి చూపుట అనేకులకు జీవనోపాధి. 1970లో చేపలలో పాదరసము మితిమీరియున్నదని తేలగా, ప్రభుత్వము చేపల వ్యాపారమును నిలిపివేసెను. కంచములోని కూడు, చేతిలోని పని ఒక్కసారిగా పోయినవి. పలువురిలో కాళ్లు చేతులు తిమ్మిరెక్కుట, వణుకు, చూపు కుంచించుకొనిపోవుట మున్నగు లక్షణములు కనబడెను.

పాదరసము అడుగు బురదలో దాగును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. అది నాచు నుండి పురుగులకు, పురుగుల నుండి చిన్న చేపలకు, వాని నుండి పెద్ద చేపలకు చేరుచు, మెట్టు మెట్టునకు చిక్కబడును. నీటిలో అత్యల్పముగా నున్నది పెద్ద చేప మాంసములో లక్షల రెట్లు అగును. ఉడికించినను, వేయించినను పోదు. తల్లి తినిన విషము గర్భస్థ శిశువును సైతము చేరును.

ఈ మార్పు ఆనాడు శాస్త్రజ్ఞులకే తెలియదు గదాయని కొందరు వాదింపవచ్చును. సరస్సు బురదలో ఇట్లు జరుగునని స్వీడన్ శాస్త్రజ్ఞులు యెన్‌సెన్, యెర్నెలోవ్ ప్రకటించినది 1969లోనే. కాని జపానులోని మినమాటా జనుల వింత వ్యాధి 1956లోనే బయటపడెను. చేపలలోని సేంద్రియ పాదరసమే దానికి మూలమని 1959లో పరిశోధకులు చెప్పిరి. డ్రైడెన్‌లో పారబోత మొదలైనది ఆ పిదప మూడేండ్లకు! అపాయము ఋజువు కాలేదనుట వేరు. అపాయము లేదనుట వేరు. ఈ భేదమును విస్మరించిన వారు లాభము పొందిరి. ఋజువు మాత్రము చేపలు తినినవారి శరీరములపై తేలెను.

1986లో బాధితుల పరిహారమునకై ఒక మండలి ఏర్పడెను. 2017లో నదిని శుభ్రపరచుటకు ఒంటారియో ప్రభుత్వము 8.5 కోట్ల డాలర్లు ఇత్తునని ప్రకటించెను. ఎనిమిదేండ్లలో పారబోసిన దానిని తీయుటకు అర్ధశతాబ్దము చాలలేదు.

ద్రవ్యము నశింపదని ఉపాధ్యాయులు ప్రతి పాఠశాలలోను బోధింతురు. నల్లబల్లపై సమీకరణముతోపాటు క్లే సరస్సు బురదను గూడ ఆ పాఠమునకు ఉదాహరణముగా చెప్పవలెను. పాదరసమైనను, సీసమైనను, కాడ్మియమైనను, కుళ్లి మాయమగునది కాదు. ఒంటారియో సరస్సునకు వర్తించిన ధర్మమే తెలుగునాటి చెరువునకును వర్తించును. కనుక నిరపాయమని ముందుగా ఋజువు చేయు బాధ్యత నీటిలో కలుపువానిది. చేపను తినువానిది కాదు.