నూనె వేలికి, గుడ్డ తీగకి

మనవాళ్ళకి ఓ గట్టి నమ్మకం ఉందండీ. ఏదైనా కిర్రుమన్నా, బిగుసుకున్నా, తుప్పు పట్టినా కాస్త నూనె రాస్తే బాగుపడుతుందని. తలుపు బందుకి, కుట్టు మిషనుకి, సైకిలు గొలుసుకి ఈ సూత్రం పనిచేస్తుంది, కాదనను. గిటారు తీగలకి మాత్రం పనిచెయ్యదు. బెజవాడలో కొబ్బరినూనె పట్టించిన గిటార్లు చూసీ చూసీ ఇది రాస్తున్నా.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించొచ్చు. పనస కర్రతో వీణలు చేసే నూజివీడు మనకి పక్కనే. వీణ వాయించేవాళ్ళ దగ్గర కొబ్బరినూనెలో తడిపిన గుడ్డో, దూదో ఉండడం చూసే ఉంటారు. కాకపోతే ఆ నూనె ముఖ్యంగా వేలి కోసం. గమకం పలకాలంటే తీగని మెట్టు మీద పక్కకి లాగాలి, మెట్ల మీదుగా జారాలి. వేలు ఒరుసుకుపోకుండా అంత తడి చాలు. మనం ఏం చేశామంటే, వేలిని వదిలేసి తీగకే తలంటు పోశాం :)

గిటారు సంగతి వేరు. అకూస్టిక్ గిటారు ఆరు తీగల్లో మామూలుగా నాలుగు, ఉక్కు తీగ చుట్టూ కంచో ఇత్తడో చుట్టినవి. ఆ చుట్ల సందుల్లోకి నూనె దూరితే దానికి దుమ్మూ, చర్మపు పొట్టూ అంటుకుని ముద్ద కడుతుంది. స్వరం ఎంత పలుకుతుందన్నది తీగ పొడవు, బిగువు, మీటరుకి ఎంత బరువు అన్న మూడింటి మీద ఆధారపడుతుందని మెర్సెన్ అనే ఫ్రెంచాయన 1636లోనే రాసిపెట్టాడు. ముద్ద కట్టిన చోట బరువు ఎక్కువ, లేనిచోట తక్కువ. అప్పుడు ఓపెన్‌గా ఎంత బాగా శ్రుతి చేసినా పన్నెండో మెట్టు దగ్గర తప్పుతుంది. ట్యూనర్ యాప్‌ని తిట్టుకుని లాభం లేదు. పైగా కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ 22లో పెట్టుకునే గదిలో ఆ తీగ గతేమిటో ఆలోచించండి.

అసలు శత్రువు చెమట. అందులో ఉప్పుంది. ఉక్కు, తేమ, గాలి చాలు తుప్పుకి. ఉప్పు తోడైతే ఇంకా తొందర. 2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని లాప్‌టాప్‌తో పాటు గిటారు కూడా ఊరికి మోసుకొచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. హైదరాబాదు గాలి వేరు, బందరు గాలి వేరు. అక్కడ నెలలపాటు బాగున్న తీగ ఇక్కడ వానాకాలంలో వారాల్లో మచ్చలు పడుతుంది.

ఒక్క తీగకోసం ఇంత గోలా అంటారా? గుడివాడలో మా పెదనాన్నగారి మనవడు తొమ్మిదో తరగతి. గిటారు మానేశానన్నాడు. "వేళ్ళు మండిపోతున్నాయి బాబాయ్, నాకు రాదులే" అన్నాడు. తీసి చూస్తే తీగ ఆకురాయిలా ఉంది. దానిమీద ఎవరికొస్తుందండీ? కొత్త సెట్టు వేశాం. నొప్పి పూర్తిగా పోలేదు, కొత్తవాళ్ళకి కొన్ని వారాలు తప్పదు. కానీ "నాకు రాదు" అన్నమాట మళ్ళీ అనలేదు. పాత మెషిన్ ఇచ్చి ఫ్రెషర్‌ని స్లో అనడం మనం ఆఫీసుల్లో చూడనిదా? ఇదీ అంతే. తప్పు సామానుది, మాట పడేది మనిషి.

ఇంతకీ చెయ్యాల్సింది చాలా తక్కువ. వాయించే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోండి. ఆవకాయ అన్నం తిన్న చేత్తో పట్టుకుంటే ఉప్పూ నూనే రెండూ ఒకేసారి ఎక్కించినట్టే. వాయించాక పాత కాటన్ బనీను ముక్కతో ఒక్కో తీగనీ పైనా కిందా తుడవండి. కిందివైపే అందరూ మర్చిపోయేది. గోడకి తగిలించకుండా పెట్టెలో పెట్టి, బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పడెయ్యండి. అవీ తేమ పీల్చి నిండిపోతాయి, అప్పుడప్పుడు మార్చాలి.

నూనె పెట్టాలన్న సరదా తీరాలంటే దానికీ చోట్లున్నాయి. బిరడా తిప్పుతుంటే తీగ "టింగ్" మని ఒక్కసారిగా జారిందంటే నట్ గాడిలో ఇరుక్కుంటోందన్నమాట. అక్కడ పెన్సిల్ ముక్కుతో రుద్దండి, ఆ గ్రాఫైటే మందు. బిరడాల పళ్ళు బయటికి కనిపించే రకమైతే మిషను నూనె ఒక్క చుక్క. మూత ఉన్నవైతే అదీ అక్కర్లేదు.

తీగల్ని నీళ్ళలో మరిగిస్తే కొత్తవవుతాయంటారు కొందరు. మురికి కొంత వదులుతుంది నిజమే, తుప్పు తిన్న ఉక్కు తిరిగి రాదు. పూత పూసిన తీగలు ఖరీదెక్కువే కానీ, నా మటుకు నాకు మన డెల్టాలో ఆ డబ్బు దండగ కాదు. ఏవి వేసినా గుడ్డ మాత్రం తప్పదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు అటక మీదో, బీరువా పక్కనో ఉన్న గిటారు దించి తీగ మీద ఓసారి వేలు నడిపి చూడండి. గరుగ్గా తగిలితే ఒక సెట్టు కొని పడెయ్యండి. పిల్లాడికి సంగీతం వస్తుందో రాదో ఆ తర్వాత మాట్లాడుకుందాం.