మూలికకు కంప్యూటర్ సాక్ష్యం ఒక్కటే చాలదు

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. ఈ జబ్బు ముదిరి కాలేయంలో మచ్చలు పడుతున్నవారికి అమెరికాలో తొలి మందుగా రెస్మెటిరోమ్‌కు అనుమతి దక్కింది 2024 మార్చిలోనే. కాబట్టి నేల ఉసిరి, కటుకరోహిణి, పసుపుల వైపు పరిశోధకుల చూపు మళ్లడం సహజం. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ తయారుచేసిన ఇంపాట్ డేటాబేస్‌లో నాలుగు వేలకు పైగా భారతీయ ఔషధ మొక్కలు, దాదాపు 18 వేల రసాయనాలు ఉన్నాయి. ఒక్కోదాన్నీ ప్రయోగశాలలో పరీక్షించడం అయ్యే పని కాదు కనుక కంప్యూటర్‌తో వడపోయాల్సిందే. ఆ వడపోత జాబితానే ఫలితంగా ప్రకటించడం మీదే నా అభ్యంతరం.

డాకింగ్ అనే పద్ధతినే తీసుకోండి. జబ్బుతో సంబంధమున్న ప్రొటీన్ ఆకృతిని తెర మీద పెట్టి, మొక్కలోని అణువు దాని గుంటలో ఎంత గట్టిగా ఇముడుతుందో అంచనా కట్టి స్కోరు ఇస్తారు. చిక్కు ఇక్కడే ఉంది. అణువు పెద్దదైనా, దాని నిండా హైడ్రాక్సిల్ సమూహాలున్నా చాలా ప్రొటీన్లతో బంధాలు ఎక్కువ పడతాయి, స్కోరు దానంతటదే పెరుగుతుంది. క్వెర్సిటిన్ అనే రసాయనం రెండో రకానిది. పైగా అది ఉల్లిపాయ మొదలుకొని లెక్కలేనన్ని మొక్కల్లో ఉంటుంది. అందుకే ఏ మూలికను ఏ జబ్బు కోసం వెతికినా పైవరుసలో తరచూ అదే కనిపిస్తుంది. అందులో మొక్క గొప్పతనం కన్నా కొలత లోపమే ఎక్కువ. ఇక మింగిన తరువాతి సంగతి. పసుపులోని కర్‌క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేదే బహు స్వల్పం, చేరినదాన్నీ శరీరం త్వరగా మార్చేస్తుంది. డాకింగ్ స్కోరులో ఈ లెక్కేదీ ఉండదు.

చిన్న ఊళ్ల ఫార్మసీ కాలేజీలకు కంప్యూటర్ ఒక్కటే అందుబాటులో ఉన్న పరికరం కదా అంటారు. నిజమే, ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ విద్యార్థులకిచ్చిన అవకాశం చిన్నది కాదు. వారి శ్రమ వృథా కాకూడదనే అడుగుతున్నాను: జాబితాలోని మొదటి రెండు మూడు అణువులనైనా కొవ్వు పట్టించిన కాలేయ కణాల మీద పరీక్షించే ఏర్పాటు ఉండాలి. హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు ఇలాంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకోవాలి. అణువు పనిచేయలేదని తేలితే ఆ సంగతినీ ప్రచురించాలి.

తరతరాలుగా వాడుతున్నవాటికి ఇన్ని పరీక్షలెందుకన్నది మరో ప్రశ్న. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను మన దేశ వైద్యులే 2022లో ప్రచురించారు. గుణం కనిపించిందన్న మాటనూ తూచి చూడాలి. రెస్మెటిరోమ్ ట్రయల్‌లో 966 మంది పాల్గొన్నారు. 52 వారాల తరువాత కాలేయం ముక్క తీసి చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ దాదాపు 10 శాతం మందికి వాపు నయమైంది. అసలు మందు మింగినవారిలో అది 26 నుంచి 30 శాతం. పోల్చి చూసే గుంపే లేకుంటే, ఏమీ తీసుకోకుండా కోలుకున్నవారి మేలు కూడా మందు ఖాతాలోనే పడేది.

ఫ్యాటీ లివర్ ఉందని తేలినవారు ఏ పొడీ కొనేముందు రిపోర్టు డాక్టరుకు చూపించండి. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వూ వాపూ తగ్గుతాయని మనుషుల మీదే రుజువైంది.