పాత ర్యాలీ కార్లదే వేగమా?

సెల్‌ఫోన్ల పుణ్యమా అని ప్రపంచ ర్యాలీ పోటీల దృశ్యాలు మన పల్లెల కుర్రకారుకు కూడా అందుబాటులోకి వచ్చాయి. అయితే వారిలో చాలామంది ఎగబడి చూసేది నేటి పోటీలను కాదు, 1982 నుండి 1986 వరకు నడిచిన 'గ్రూప్ బి' కార్లను. పొగగొట్టంలోంచి నిప్పులు కక్కుతూ, దుమ్ము రేపుతూ, మలుపుల్లో అడ్డంగా జారుతూ పోయే ఆ కార్ల ముందు ఇప్పటివి దిగదుడుపేననీ, పెద్దలు భయపడి వేగాన్ని చంపేశారనీ ఒక వాదం గట్టిగా వినిపిస్తోంది. ఈ వాదంలో సగం కూడా నిజం లేదని చెప్పకతప్పదు.

ర్యాలీ అంటే అందరూ ఒకేసారి బయలుదేరే పందెం కాదు. రాకపోకలు ఆపివేసిన మామూలు రోడ్ల మీద, అడవి దారుల్లో ఒక్కో కారును కొన్ని నిమిషాల తేడాతో వదులుతారు. డ్రైవరు పక్కన కూర్చున్న సహచరుడు రాబోయే మలుపులను ముందే చదివి వినిపిస్తుంటాడు. తక్కువ సమయంలో ముగించినవాడే విజేత. కనుక ఇక్కడ తీర్పు చెప్పవలసింది కళ్లు కాదు, గడియారం.

ముందు కాగితం మీది లెక్క చూద్దాం. 1985 చివరలో రంగంలోకి దిగిన ఇటలీ కారు లాన్సియా డెల్టా ఎస్4 బరువు సుమారు 890 కిలోలు, శక్తి సుమారు 480 అశ్వశక్తి. అంటే ఒక్కో అశ్వశక్తి మీద పడే బరువు రెండు కిలోల లోపే. 2016లో ఫిన్లాండ్ ర్యాలీ గెలిచిన క్రిస్ మీక్ నడిపిన సిట్రోయెన్ డీఎస్3కి ఉన్నది సుమారు 300 అశ్వశక్తి, బరువు 1,200 కిలోలు. ఒక్కో అశ్వశక్తికి నాలుగు కిలోల మోత. ఈ లెక్కన ఎద్దులకు బరువు పంచితే ఏ బండి ముందు పోతుందో రైతుబిడ్డ ఎవరైనా ఇట్టే చెబుతాడు. కానీ గడియారం వేరే మాట చెప్పింది. మీక్ సగటు వేగం గంటకు 126.62 కి.మీ. ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రలో అప్పటికి ఏ ర్యాలీలోనూ, ఏ గ్రూప్ బి కారూ అంత సగటు సాధించలేదు.

2025లో అదే ఫిన్లాండ్‌లో కల్లె రోవన్‌పెరా టయోటా కారుతో 129.95 కి.మీ. సగటు నమోదు చేసి ఆ రికార్డును కూడా తుడిచివేశాడు. విశేషమేమిటంటే, ఆ ఏడాదే కార్లలోని విద్యుత్ మోటారును తీసివేసి, ఇంజనుకు గాలి అందే ద్వారాన్ని 36 మి.మీ. నుండి 35 మి.మీ.కు కుదించారు. శక్తికి కోత పెట్టిన సంవత్సరమే వేగం రికార్డు కెక్కింది!

అవతలి పక్షం వారి చేతిలో ఒక తురుపుముక్క లేకపోలేదు. 1983లో అర్జెంటీనాలో స్టిగ్ బ్లోమ్‌క్విస్ట్ ఆడి క్వాట్రో కారుతో ఒక అంచెను సగటున 189 కి.మీ. వేగంతో ముగించాడు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నిజమే. కానీ అలాంటి తిన్నని దారులను ఇప్పుడు పోటీకి ఎంచుకోరు. ఎంచుకున్నా మధ్యమధ్య అడ్డంకులు పెట్టి వేగం తగ్గిస్తారు. 2017లో స్వీడన్‌లోని క్నోన్ అంచెలో సగటు వేగం 137 కి.మీ. దాటిందని రెండవసారి పరుగును ఏకంగా రద్దు చేశారు. పోటీయే పెట్టని చోట రికార్డు నిలిచి ఉందని మురిసిపోవడం ఏ మాత్రం న్యాయం?

మరి తక్కువ శక్తితో ఎక్కువ వేగం ఎక్కడినుండి వచ్చింది? ప్రధానంగా చక్రాల దగ్గర నుండి. ఆనాటి కారు గతుకు తగిలితే ఎగిరిపడేది. చక్రం గాలిలో ఉన్నంతసేపు ఇంజనులో ఎంత శక్తి ఉన్నా వృథాయే. నేటి షాక్ అబ్జార్బర్లు చక్రాన్ని నేలకు అదిమి ఉంచుతాయి. టైర్లు, బ్రేకులు ఎంతో మెరుగయ్యాయి. ఆనాటి టర్బో ఇంజను యాక్సిలరేటర్ తొక్కగానే స్పందించేది కాదు. కాసేపు తాత్సారం చేసి, ఆపైన ఒక్కసారిగా తన్నేది. ఆ తన్నుకు కారు పక్కకు జారేది. మనం చూసి చప్పట్లు కొట్టేది ఆ జారుడునే. జారే కారు సమయం పోగొట్టుకుంటుంది. నేటి కారు బిగబట్టినట్లు తిన్నగా పోతుంది కాబట్టి కంటికి వేగం ఆనదు. అయితే ఆ కార్లను అదుపులో పెట్టిన డ్రైవర్ల శ్రమ ఎక్కువన్న మాటను మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

అసలు పోల్చడానికే వీలులేని పోటీలూ ఉన్నాయి. తూర్పు ఆఫ్రికాలోని సఫారీ ర్యాలీని 1965లో మన పంజాబీ సంతతికి చెందిన జోగిందర్ సింగ్ తమ్ముడు జస్వంత్‌తో కలిసి పాత వోల్వో కారులో గెలిచాడు. భారత సంతతివాడే అయిన శేఖర్ మెహతా 1973లోను, తిరిగి 1979 నుండి 1982 వరకు వరుసగాను, మొత్తం అయిదుసార్లు గెలిచాడు. అప్పట్లో అది వేల కిలోమీటర్ల ప్రయాణం. బస్సులు, పశువులు తిరిగే దారుల్లోనే పోవాలి. 2021లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చిన సఫారీలో పోటీ దూరం నాలుగు వందల కిలోమీటర్ల లోపే. ఆ రోజుల్లో కారు విరిగిపోకుండా గమ్యం చేరడమే వేగం. దీన్నీ దాన్నీ ఒకే గడియారంతో కొలవడం కుదరదు.

గ్రూప్ బి కార్లను ఆపివేయడం పిరికితనమనేవారు 1986ను ఒకసారి తిరగేయాలి. ఆ మార్చిలో పోర్చుగల్‌లో జనం రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డారు. కారు దగ్గరకు వచ్చాక పక్కకు తప్పుకోవడం వారికి ఒక సరదా. ఫోర్డ్ కారు ఒకటి అదుపు తప్పి ఆ గుంపులోకి దూసుకుపోగా ముగ్గురు చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. ప్రధాన జట్ల డ్రైవర్లు ఇక నడపమని తప్పుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే, మే 2న, కోర్సికా ద్వీపంలో హెన్రీ టోయివోనెన్, అతని సహచరుడు సెర్జియో క్రెస్టో నడుపుతున్న డెల్టా ఎస్4 లోయలో పడి తగలబడింది. ఇద్దరూ మరణించారు. సరిగ్గా ఏడాది క్రితం, అదే తేదీన, అదే ర్యాలీలో అట్టిలియో బెట్టెగా మరణించాడు. ఇంతమంది పోయాక 1987 నుండి ఆ తరగతిని నిషేధించారు. ఇందులో పిరికితనం ఎక్కడుందో వాదించేవారే చెప్పాలి.

ఇప్పటి కార్లలో ప్రమాదం లేదని కాదు. 2023 ఏప్రిల్‌లో క్రొయేషియాలో పోటీకి ముందు సాధన చేస్తుండగా క్రెయిగ్ బ్రీన్ మరణించాడు. కంచె కొయ్య కారులోకి చొచ్చుకువచ్చింది. లోపల ఇనుప పంజరం, మెడను కాపాడే పరికరాలు ఎన్ని ఉన్నా ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి.

2027 సీజన్ కోసం రూపొందించిన నిబంధనల్లో ఇంజను శక్తిని సుమారు 300 అశ్వశక్తికి పరిమితం చేశారు. ఇక ర్యాలీ పని అయిపోయిందని అప్పుడే శోకాలు మొదలయ్యాయి. 2016లో ఫిన్లాండ్‌లో రికార్డు నెలకొల్పిన రోజున మీక్ కారుకు ఉన్నదీ ఆ మూడు వందలే.