గోడలిచ్చారు సరే, మంచమేదీ?

ఇళ్లిచ్చామంటున్నారు. తాళం చెవి చేతిలో పెట్టి ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటోలో మా ఆడవాళ్ల ముఖాల మీద నవ్వు నిజమే, మేం కాదనం. ఫొటో తీసినవాళ్లు వెళ్లిపోయాక తలుపు తోసి లోపలికి చూడండి. ఒక మూల ట్రంకు పెట్టె. ఈ గోడ నుంచి ఆ గోడకు దండెం, దాని మీద ఇంటిల్లిపాది బట్టలు. చుట్టి నిలబెట్టిన చాపలు, మడిచిన బొంతలు. అంతే. మంచం లేదు, కుర్చీ లేదు, బీరువా లేదు. పిల్లవాడు పుస్తకం పెట్టుకుని రాసుకోడానికి బల్ల లేదు. దీన్ని ఇల్లంటారా, గోడౌనంటారా? గోడౌన్లో కనీసం సామానుంటుంది.

మేం నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి మాట్లాడుతున్నాం. పాత ఊళ్లో ఒంటిగది కిరాయిలకుండేవాళ్లం మేమే. ఊరవతల టిడ్కో బిల్డింగుల మెట్లెక్కేవాళ్లం మేమే. 2020 డిసెంబరులో పట్టాలిచ్చిన సెంటు స్థలాల్లో గోడ లేపుకోలేక మళ్లీ కిరాయి గదికే వచ్చినవాళ్లమూ మేమే.

నంద్యాల అనామకమైన ఊరేం కాదు. 1977లో నీలం సంజీవరెడ్డిని లోక్‌సభకు పంపితే అదే ఏడు ఆయన రాష్ట్రపతి అయ్యాడు. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావును అయిదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిపించింది. ఆయన మా ఎంపీగా, దేశానికి ప్రధానిగా ఉండగానే 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 2017 ఆగస్టు ఉప ఎన్నికలో మా గల్లీల్లో తిరగని నాయకుడు లేడు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది, కలెక్టరు వచ్చాడు. రాష్ట్రపతి కుర్చీ, ప్రధాని కుర్చీ, ఎమ్మెల్యే కుర్చీ, కలెక్టరు కుర్చీ. ఇన్ని కుర్చీలకు ఓట్లేసిన, మోసిన మా ఇంట్లో, మెహమాన్ వస్తే వేయడానికి ఒక్క కుర్చీ లేదు.

సెక్యులర్ మిత్రులకు మా దస్తర్‌ఖాన్ అంటే ఇష్టం. పండగ రోజు వచ్చి నేల మీద బాసింపట్టు వేసుక్కూచుని, అందరూ కలిసి ఒకే పళ్లెంలో తినడం ఎంత గొప్ప సంస్కృతి అని మెచ్చుకుంటారు. మాకూ అది ఇష్టమే. కానీ మిత్రులారా, డైనింగ్ టేబులున్న ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిస్తే అది సంస్కృతి. బల్ల కొనలేని ఇంట్లో పరిస్తే దాని పేరు గరీబీ. బిర్యానీ తిని వెళ్లిపోయిన మీకు, రాత్రి పదికి అదే చోట దస్తర్‌ఖాన్ దులిపి అమ్మానాన్నా, నలుగురు పిల్లలూ, దగ్గుతున్న నానీ వరసగా పడుకుంటారని తెలుసా? చలికాలంలో బేతంచెర్ల బండ మీద ఈత చాప వేసుకుని పడుకుంటే వెన్నుకు ఏమవుతుందో తెలుసా?

మా పెద్దలదీ ఇదే వరస. ప్రవక్త చాప మీద పడుకున్నారు, వీపు మీద చాప అచ్చులు పడ్డాయి, సబర్ చేయండి అని బయాన్ చెప్తారు. బయాన్ చెప్పేవాళ్లు కూచున్న కుర్చీకి మెత్త ఉంటుంది. ప్రవక్త చాపను ఎంచుకున్నారు. మాకు ఎంచుకోడానికి చాప తప్ప ఇంకోటుందా?

ఇక కిరాయి సంగతి. ఇల్లు వెతుక్కుంటూ పోతే మొదట పేరడుగుతారు. పేరు విన్నాక ఇల్లు ఎవరికో ఇచ్చేశామంటారు. ఆ గండం దాటితే మాంసం వండుతారా అంటారు. అదీ దాటితే చివరి పరీక్ష, సామాను ఏముంది? సామాను చూసి మనిషికి విలువ కడతారు. బీరువా, ఫ్రిజ్జు దింపినవాడు పెద్దమనిషి. రెండు మూటలు, ఒక ట్రంకు పెట్టె తోపుడు బండి మీద తెచ్చుకున్నవాడు రాత్రికి రాత్రి పారిపోయే రకం. పదకొండు నెలలకో అగ్రిమెంటు, పన్నెండో నెల మూట కట్టుడు. ఇలా ఏడాదికో గది మారేవాడు మంచం కొని ఏ బండి మీద తిప్పుతాడు? కొనడానికి డబ్బు లేకపోవడం ఒకటి, కొన్నది నిలుపుకోడానికి చోటు లేకపోవడం మరొకటి. రెండూ కలిసి మమ్మల్ని నేలకు దించాయి.

చట్టాలకు మంచం సంగతి తెలియక కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె చట్టం 'భవనం' అన్న మాటకు అర్థం చెప్తూ, యజమాని సమకూర్చిన ఫర్నిచరును కూడా అందులో కలిపింది. మా ఓనర్లు సమకూర్చింది గోడకు ఒక మేకు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షను ఇంకా గట్టిది. అప్పు తీర్చలేనివాడి ఆస్తిని జప్తు చేసేటప్పుడు అతని భార్యాబిడ్డల బట్టలు, వంటపాత్రలు, పడుకునే మంచాలు, పక్కబట్టలు ముట్టుకోరాదంది. అంటే మంచం లేకుండా మనిషి బతుకు మనిషి బతుకు కాదని తెల్లదొరలకు కూడా తెలుసు. ఉన్న మంచం గుంజుకోరాదని చట్టం రాసి నూరేళ్లు దాటింది. లేనివాడికి మంచం ఇవ్వాలని ఒక్క జీవో రాలేదు.

లెక్కల్లోనూ మేం లేం. 2011 జనగణనలో ఇంటింటికీ వచ్చి రేడియో ఉందా, టీవీ ఉందా, కంప్యూటరుందా, సెల్ఫోనుందా, కారుందా అని రాసుకున్నారు. మంచముందా అని అడగలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం మంచం, పరుపు, కుర్చీ, బల్ల అన్నీ అడుగుతుంది. ఆ జవాబులు కలిపి ఎవరు ధనికులో ఎవరు పేదలో మెట్లు కడుతుంది. అంటే మంచం లేనివాడు పేదవాడని సర్కారుకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. చదువులో, కొలువులో, బ్యాంకు అప్పులో మేం ఎంత వెనకబడ్డామో 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ వెనకబాటు రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందో మేం చెప్తున్నాం.

ఇందులో అన్నిటికంటే మండే సంగతి ఇంకోటుంది. ఈ దేశానికి పరుపు కుట్టిపెట్టింది మేం. దూదేకుల, పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా, ఏ పేరుతో పిలిచినా మా పని దూది ఏకడమే. నంద్యాల పత్తికి పేరున్న సీమ. 1906 నుంచి ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రముంది, 'నరసింహ' పత్తి రకం ఇక్కడ పుట్టిందే. ఆ పత్తి దూదయ్యాక మా తాతలు భుజాన విల్లు వేసుకుని, నారి టంగుమనిపిస్తూ ఊరూరా తిరిగారు. దూది పొగలో ఊపిరితిత్తులు పాడు చేసుకున్నారు. దొరల ఇళ్లలో పెళ్లికి పరుపులు కుట్టి, మంచం మీద పరిచి, తాము మాత్రం గడప దగ్గర నేల మీద కూచుని కూలి తీసుకున్నారు. ఫోమ్ పరుపులొచ్చాక విల్లు అటకెక్కింది. ఇవాళ సోఫాలకు గుడ్డ తొడిగేవాళ్లలో మేమున్నాం. బీరువాలకు వెల్డింగు పెట్టేవాళ్లలో, మంచాలకు పాలిష్ కొట్టేవాళ్లలో మేమున్నాం. ఆళ్లగడ్డలో శిల్పులు రాతికి ప్రాణం పోస్తారు, పక్కనే నల్లమల నిండా టేకు. పత్తి ఇక్కడిదే, చెక్క ఇక్కడిదే, చేతులిక్కడివే. మంచం మాత్రం మా ఇంటికి రాదు.

కాదు, వస్తుంది. ఒకే ఒక్క దారిన వస్తుంది. కోడలితో పాటు వస్తుంది.

ఈ మాట మా జమాత్‌కు చేదుగా ఉంటుంది. అయినా అనక తప్పదు. మా ఇళ్లలో పలంగ్ ఉన్నా, అల్మారా ఉన్నా, అద్దం బల్ల ఉన్నా అవి జహేజ్‌లో వచ్చినవే. సర్కారు ఇవ్వని మంచం, కూలి డబ్బుతో కొనలేని మంచం, ఒక ఆడపిల్ల తండ్రి మెడకు ఉరేసి తెచ్చుకుంటున్నాం. ఆటో తోలేవాడు, పంక్చరేసేవాడు, అరటిపండ్ల బండివాడు బిడ్డ పెళ్లికి ఫర్నిచరు షాపులో కంతుల మీద సామాను తీసుకుని ఏళ్ల తరబడి కడతాడు. తన ఇంట్లో తాను నేల మీద పడుకుని అల్లుడికి డబుల్ కాట్ కొంటాడు. మెహర్ మగవాడివ్వాలని దీన్ చెప్పింది. జహేజ్ ఆడపిల్ల తండ్రి ఇవ్వాలని ఎవరు చెప్పారు? 1961లో వరకట్నం నేరమని చట్టమొచ్చింది, మా గల్లీలోకి ఇంకా రాలేదు.

ఆ పలంగ్ అయినా ఆమెదేనా? తలాకై వచ్చేస్తే ఆమె పుట్టింటివాళ్లిచ్చిన సామాను ఆమెకే చెందాలని షాబానో గొడవ తర్వాత వచ్చిన 1986 చట్టం మూడో సెక్షనులో రాశారు. ఎన్ని మంచాలు తిరిగొచ్చాయి? పిల్ల వస్తుంది, బిడ్డను చంకనేసుకుని వస్తుంది, మంచం అక్కడే ఉండిపోతుంది. సర్కారేమో 2022 అక్టోబరు 1 నుంచి షాదీ తోఫా అని లక్ష రూపాయలు ప్రకటించింది. వధూవరులిద్దరూ పదో తరగతి పాసైతేనే అంది. చదువుకోవాలన్న షరతు మంచిదే. మరి రాసుకునే బల్ల లేక, దీపం కింద నేల మీద వంగి వంగి పదిలో తప్పిన పిల్లకు? ఆమెకు అప్పుడు బల్లా లేదు, ఇప్పుడు తోఫా లేదు. పెళ్లికి డబ్బు ప్రకటించిన సర్కారు ఇంటికి సామాను ఎందుకివ్వదు? ఇస్తే పెళ్లిలో మంచమడిగే నోళ్లకు సగం సాకు పోతుంది.

మంచం లగ్జరీ అనేవాళ్లు కాస్త వినండి. 2019 సెప్టెంబరులో కుందూ, మద్దిలేరు పొంగి నంద్యాల వీధుల్లోకి నీళ్లొచ్చాయి. మంచమున్నవాళ్లు బియ్యం మూట, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు దాని మీదికెత్తారు. లేనివాళ్లవి నీళ్లలో నానాయి. ఆధార్ కాగితం తడిసిపోయినవాడు మళ్లీ తాను ఈ దేశస్థుణ్ణని రుజువు చేసుకోవాలి, అందులోనూ మా పేర్లున్నవాడు. నల్లమల అంచు పల్లెల్లో రాత్రి నేల మీద నిద్రపోయేవాళ్లను కట్లపాము కాటేస్తుంది. మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకోండని డాక్టర్లు చెప్తారు. 2020లో కరోనా వస్తే మర్కజ్ పేరు పెట్టి మమ్మల్నే రోగమన్నారు. తర్వాత రోగికి వేరే గది, వేరే పక్క ఉండాలని రూలు పెట్టారు. ఒంటిగదిలో ఆరుగురు ఒకే బొంత కప్పుకునేచోట వేరే పక్క ఏది?

మాలో బతికినన్నాళ్లూ నేల మీదే పడుకున్నవాళ్లున్నారు. చచ్చాక గుసుల్‌కు మసీదు నుంచి బల్ల వస్తుంది, మోయడానికి జనాజా వస్తుంది. జమాత్ ఉమ్మడి సొమ్ము అది, ఎవరినీ దరఖాస్తు అడగరు. చచ్చినవాడి హక్కును గుర్తించిన మేం, బతికున్నవాడి హక్కును ఎందుకు గుర్తించలేదు?

ఇదంతా గొంతెమ్మ కోరిక అనకండి. బ్రిటన్‌లో సర్కారు ఇళ్లను బోసిగా కిరాయికిస్తే, పరుపూ పొయ్యీ లేక జనం అవస్థ పడుతున్నారని అక్కడ దీనికి 'ఫర్నిచర్ పేదరికం' అని పేరే పెట్టి పోరాడుతున్నారు. అంత దూరమెందుకు? పక్కనున్న తమిళనాడులో 2006 ఎన్నికల తర్వాత రంగుల టీవీలు పంచారు, 2011 తర్వాత మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు పంచారు. టీవీ పంచగలిగిన సర్కారు మంచం పంచలేదా?

అందుకే అడుగుతున్నాం. టిడ్కో ఇల్లయినా, కాలనీ ఇల్లయినా తాళంతో పాటు రెండు మంచాలు, పరుపులు, ఒక బీరువా, చదువుకునే పిల్లకు బల్లా కుర్చీ ఇవ్వండి. కిరాయి గదుల్లో ఉన్నవాళ్లకూ ఇవ్వండి, వాళ్లు ఇల్లు లేనివాళ్లు కాబట్టి ముందు ఇవ్వండి. మాకొక్కరికే అనడం లేదు. మాదిగ పేటలో, చాకలి వీధిలో, వలసొచ్చిన పత్తి కూలీల గుడిసెలో ఇదే నేల, ఇదే చాప. ఆ సామాను కంపెనీల దగ్గర టెండర్లేసి కొనొద్దు. పరుపులు దూదేకులవాళ్లతో కుట్టించండి, మంచాలు మన వడ్రంగులతో చేయించండి. జనగణన కాగితంలో మంచానికి ఒక గడి పెట్టండి. జమాత్ పెద్దలకూ ఒక మాట. జహేజ్ మంచం తీసుకున్న పెళ్లికి నికా చదవమని మసీదు గోడ మీద రాసిపెట్టండి, రాసినదాని మీద నిలబడండి.

ఓట్లడగడానికి మళ్లీ వస్తారు, రండి. ఈసారి గల్లీలో నిలబడి దండం పెట్టి పోవద్దు. లోపలికి రండి. కూచోమంటాం. ఎక్కడ కూచోవాలో మీరే చూసుకోండి.