పద్యం కావాలి, పేరు వద్దా?

శ్రీరామనవమి పందిట్లోనో, తిరునాళ్ళలోనో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారంటే మన కోస్తా పల్లెల్లో జనం తెల్లారేదాకా కదలరు. దేనికోసం? కాటి సీను కోసం. అందాకా కునికిపాట్లు పడ్డ ముసలాయన కూడా ఆ సీను రాగానే లేచి కూర్చుంటాడు. వేషధారి రాగం ఎత్తుకుంటాడు. పద్యం అయ్యీ కాకముందే వన్స్‌మోర్ కేకలు. చదివింపులు మొదలు. ఫలానా వారు నూట పదహార్లు చదివించారని మైకులో చెప్తారు. హార్మోనియం వాయించినాయన పేరు చెప్తారు. మైకుసెట్టు వాళ్ళ పేరూ చెప్తారు. ఆ పద్యం రాసినాయన పేరు మాత్రం చెప్పరు.

ఆయన పేరు గుర్రం జాషువా.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే. కాదనడం లేదు. కాని జనం కంఠతా పట్టిన ఆ శ్మశానం పద్యాలు ఆయన రాసినవి కావు. జాషువా తన ‘శ్మశానవాటి’ ఖండికలో రాసుకున్నవి. రక్తి కడతాయని నటులు తెచ్చి కలుపుకున్నారు. కలుపుకున్నందుకు మనకు కోపం లేదు. అందువల్లే అవి అక్షరం రాని వాళ్ళ నోళ్ళలోకి కూడా వచ్చాయి. పద్యాన్ని లోపలికి రానిచ్చి, రాసినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టారే, దానిమీదే మన పేచీ. మనకిది కొత్తా? మనం కోసి నూర్చిన ధాన్యం గాదెలోకి పోతుంది, మనం వాకిట్లోనే ఆగిపోతాం.

కన్యాశుల్కంలో గిరీశం మాట ఒకటి అనండి, పక్కనున్నాయన టక్కున గురజాడ పేరు చెప్తాడు. కాటి పద్యం ఎత్తండి, ‘హరిశ్చంద్ర పద్యం’ అంటాడు. లేదా డి.వి. సుబ్బారావు పద్యం అంటాడు. సుబ్బారావు గొప్ప నటుడే. గొంతు ఆయనది. మాట ఎవరిదని అడుగుతున్నాం.

జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చెప్పే పని చేశాడు. తెరమీద బొమ్మలు కదులుతుంటే కథా, మాటలూ తను వినిపించేవాడు. సినిమాకు నోరు లేని రోజుల్లో దానికి నోరైనవాడు! తరవాత పంతులుద్యోగం చేశాడు. 1941లో ‘గబ్బిలం’ అచ్చయింది. అంటరానివాణ్ణి గుళ్ళోకి రానివ్వరు గనక, గుళ్ళో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురంపిన కావ్యమది. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. ఢిల్లీకి తెలిసిన పేరు మన పందిట్లో మైకుకు తెలియలేదు.

ఇంకో సంగతి. ఆ నాటకంలో రాజు రాజ్యం పోగొట్టుకున్నాడు, ఆలినీ బిడ్డనూ అమ్మాడు, ఆఖరికి కాటికాపరి వీరబాహుడికి అమ్ముడుపోయాడు. అయ్యో, ఎంత రాజు ఎవరి కింద పడ్డాడని జనం ఏడుస్తారు. మనవాళ్ళూ ఏడుస్తారు! రాజు కొన్నాళ్ళు చేసిన పని మన తాతలు తరతరాలుగా చేశారు. చావుకబురు మోశారు, డప్పు కొట్టారు, గుంట తవ్వారు. వాళ్ళ కోసం ఏ పందిట్లో ఎవరేడ్చారు? రాజు చేస్తే కష్టం, వీరబాహుడు చేస్తే కులవృత్తి. కథ కట్టిన తీరే అది.

ఆ కథ నట్టనడుమ జాషువా పద్యాలు వచ్చి నిలబడ్డాయి. కవీ, చిత్రకారుడూ, పసిబిడ్డా అందరూ ఇక్కడే మట్టిలో కలుస్తారనీ, ఇక్కడ అంటరానితనానికి చోటు లేదనీ చెప్పాయి. అంటే బతికున్నవాళ్ళ ఊళ్ళో చోటుందనేగా! అదీ ఆయన కొట్టిన దెబ్బ. జనం మాత్రం దాన్ని వైరాగ్యం అనుకుని తలూపుతున్నారు. రాసిందెవరో తెలియకపోతే అంతే మరి. పేరు తీసేస్తే ఫిర్యాదు కాస్తా వేదాంతమైపోతుంది. పేరు అడిగేది గొప్ప కోసం కాదు, అర్థం కోసం.

పైగా ఆయన చెప్పిన ఆ ఒక్క చోటన్నా మనకు సమానంగా దక్కిందా? చాలా ఊళ్ళలో ఊరి శ్మశానం వేరు, మాలమాదిగల బొందలగడ్డ వేరు. దారి లేక శవాన్ని పొలంగట్ల మీద మోసుకుపోయే పల్లెలు ఇంకా ఉన్నాయి. రాత్రి ఈ పద్యానికి చప్పట్లు కొట్టిన చేతులే పొద్దున మన పాడె పోయే దారికి కంప అడ్డమేస్తే ఏమనాలి?

అందుకని మన సంఘాలు ఒక చిన్న పని పెట్టుకోవాలి. నాటకానికి వాడనుంచి కూడా చందా పోతోంది. చందా ఇచ్చేముందే కమిటీ వాళ్ళతో ఒప్పందం చేసుకుందాం. కాటి సీనుకు ముందు మైకులో జాషువా పేరు చెప్పాలి. ఆ పద్యాలు పాడి సెల్‌ఫోన్‌లో ఎక్కించే కుర్రాళ్ళు కింద ఆయన పేరు రాయాలి. సెప్టెంబరు 28న జయంతి చేసేచోట దండ వేసి లేచిపోకుండా, వాడ పిల్లల చేత ఆ పద్యాలు పాడించి అర్థం చెప్పాలి.

ఈసారి పందిట్లో వన్స్‌మోర్ కేక లేచినప్పుడు దాని వెనకే మన కేక కూడా లేవాలి: ‘రాసిందెవరు?’ మైకు జవాబు చెప్పేదాకా కూర్చోవద్దు.