ఎవరికీ చదవరాని పుస్తకం

1988లో బీజింగ్‌లోని చైనా ఆర్ట్ గ్యాలరీలో ఒక గదినిండా అక్షరాలే. పైకప్పు నుంచి వంపుగా వేలాడే పొడవాటి కాగితాలు, నేలమీద బారుగా తెరిచిపెట్టిన దారపు కుట్టు పుస్తకాలు. చూడగానే ఏదో ప్రాచీన శాస్త్రగ్రంథమనిపించే అచ్చు. తెలిసిన అక్షరం ఒక్కటైనా తగలకపోతుందా అని పండితులు సైతం పేజీలు గాలించారు.

తగల్లేదు. సుమారు 4,000 అక్షరాలనూ చైనా కళాకారుడు షూ బింగ్ సొంతంగా కల్పించి, ఒక్కొక్కటే చెక్కమీద చెక్కి అచ్చువేశారు. 1987లో మొదలైన ఆ పని 1991 దాకా సాగింది. దానిపేరు 'ఆకాశ గ్రంథం'.

తెలుగులో ఈ పన్నాగం ఇంత దూరం పారదు. అర్థంలేని మాట రాసినా పైకి చదివేయొచ్చు. పిల్లల ఆటపాటల్లో సగం అలాంటివే. చైనా లిపి సంగతి వేరు. నీరు, చెట్టు, మనిషి వంటి ముక్కలు అక్షరంలోనే ఒదిగి అర్థానికి ఆనవాళ్లిస్తాయి. షూ బింగ్ ఆ ముక్కలనే తారుమారుగా కూర్చారు. నీటికి సంబంధించినదేదో అని కంటికి తోస్తుంది, నోటికి మాత్రం పలకదు. అర్థం లేనిచోట కూడా అర్థముందని నమ్మించే శక్తి అచ్చుకు ఎంతుందో ఈ గదిలో తెలిసొస్తుంది.

1955లో పుట్టిన షూ బింగ్ బడిలో అక్షరాలు దిద్దుతున్న కాలంలోనే ప్రభుత్వం లిపిని సరళీకరిస్తూ పోయింది. ఆపైన సాంస్కృతిక విప్లవం. గోడమీది రాత మనిషి తలరాతను తిప్పేసే రోజులవి. తియానన్మెన్ అణచివేత తర్వాత ఒక విమర్శకుడు 'ఆకాశ గ్రంథా'న్ని, దయ్యాలు దారి తప్పించగా ఉన్నచోటే తిరగడమని ఈసడించాడు. షూ బింగ్ ఆ నిందనే పేరుగా స్వీకరించారు: 1990లో చైనా మహాకుడ్యంపై కాగితం పరిచి, సిరా అద్ది తీసిన ముద్రల కృతికి దాన్నే పెట్టారు.

2001లో వాషింగ్టన్‌లోని సాక్లర్ గ్యాలరీలో ఆయన మరో కృతి 'సజీవ పదం' వచ్చింది. పక్షికి నిఘంటువు ఇచ్చిన నిర్వచనం నేలమీద ఉంటుంది. అందులోంచి పక్షి అనే అక్షరాలు లేచి, నేటి లిపి నుంచి పాత లిపికి, అక్కణ్నుంచి చిత్రలిపికి మారుతూ పైకెగురుతాయి. కన్నుల పండుగే, సందేహం లేదు. కానీ చిత్రలిపి దాకా వెళితే భాష నుంచి విడుదలైనట్టేనా? పక్షిని ఎలా చూడాలో ఆ బొమ్మ గీసినవాడూ ముందే తేల్చేశాడు కదా.

2003లో మొదలుపెట్టిన 'భూమి గ్రంథం'లో అక్షరమే లేదు. ఒక నగర ఉద్యోగి ఒకరోజు కథంతా గుర్తులతోనే నడుస్తుంది. ఏ భాషవారైనా చదవగలరన్నది షూ బింగ్ ఆశయం. విమానాశ్రయం బోర్డులూ ఫోను తెరమీది బొమ్మలూ అలవాటైనవారి విషయంలో అది చాలావరకు నిజమే; అవి ఎరగని పల్లెటూరి ముసలమ్మకు ఇదీ ఆకాశ గ్రంథమే.