పచ్చడి సీసా ఎక్కడి నుంచి వచ్చింది?

పండుమిరప పచ్చడి ఎలా పెట్టాలో మన రొంపిచెర్ల అమ్మలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ నాలుగు మాటలు పచ్చడి గురించి కాదు, దాన్ని ఊరవేసే పాత్ర గురించి.

ఉప్పు, పులుపు కలిస్తే అల్యూమినియం గిన్నెను తినేస్తాయి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు ఉంచితే చిలుము పట్టి, తిన్నవారికి వాంతులవుతాయి. గోడల రంగు వచ్చిన ప్లాస్టిక్ బకెట్లు తిండి కోసం చేసినవి కావు. గాజుకు ఈ బెడద లేదు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది కూడా. లోపలి పూత పగలని పింగాణీ జాడీ మంచిదే గాని, నా ఓటు గాజుకే.

అయితే ఏ గాజు? నా భయమంతా ఇక్కడే. మనది పత్తి, మిరప పండే నేల. పురుగుమందు అయిపోయిన సీసా గట్టిగా ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు. "సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాం కదండీ" అంటారు. మందు పూర్తిగా పోయిందో లేదో కంటికి తెలియదు, మూత మరల్లో దాగినది అంత తేలికగా రాదు. వాడిన మందు డబ్బాలను తిరిగి వాడే వీలు లేకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలని 1971 నాటి పురుగుమందుల నియమాలే చెబుతున్నాయి. ఈ విషయంలో నేను రాజీపడను. పచ్చడికే కాదు, దీపం నూనెకు కూడా ఆ సీసా ఇంట్లోకి రాకూడదు. ఏ సీసాలో ఏముందో పసివాడికేం తెలుసు?

హార్లిక్స్ సీసా, తేనె సీసా వంటివి వాడుకోండి. చెయ్యి పట్టేంత మూతి ఉంటే శుభ్రం చేయడం సులువు. అంచు మీద పాత నూలుగుడ్డ నిమిరి చూడండి, పోగు తగులుకుంటే అంచు విరిగిందన్నమాట, ఆ సీసా వద్దు. చల్లటి సీసాలో మరిగే నీళ్లు ఒక్కసారిగా పోస్తే పగులుతుంది. గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టి వేడి పెంచండి, కడిగాక ఎండలో బాగా ఆరనివ్వండి.

ఇక మూత సంగతి. ఉప్పులో ఊరే పండుమిరప ఒకటి రెండు రోజుల్లో పొంగుతుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు పులుపును తయారుచేస్తూ వాయువును వదులుతాయి. కొత్త ద్రాక్షారసం పాత తిత్తుల్లో పోయకూడదని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలిసిందే. తిత్తి పిగిలేది ఈ వాయువు వల్లే. తోలు కొంతైనా సాగుతుంది, గాజు అసలు సాగదు. అందుకని సీసాలో పావు వంతు ఖాళీ ఉంచి, పొంగు తగ్గేదాకా మూత బిగించకండి. మన నాయనమ్మలు జాడీకి వాసెన కట్టేవారు చూడండి, అదే సరైన పద్ధతి. వాయువు పోతుంది, ఈగ దూరదు. రేకు మూత ఉప్పుకు తుప్పు పడుతుంది కూడా.

ముక్కలు ఉప్పునీటిలో మునిగి ఉండటానికి పైన రాయి పెట్టే అలవాటు కొందరికి ఉంది. పల్నాటి నాపరాయి పెట్టకండి, అది సున్నపురాయి. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. పచ్చడిని కాపాడేదే పులుపు, ఆ పులుపును రాయి చంపేస్తుంది. చిన్న గాజు గ్లాసు బరువు పెడితే చాలు.

బీపీ ఉన్నవారు ఉప్పు తగ్గించి పచ్చడి పెట్టమంటుంటారు. అలా పెడితే చెడిపోతుంది. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే అన్నీ కలిపి ఒక టీ చెంచా. కాబట్టి ఉప్పు సీసాలో తగ్గించకండి, పచ్చడి కంచంలో తగ్గించండి.